మందుల కిటికీ వెనుక చరిత్ర: ఓపీ ఫార్మసిస్టుకు రెసిడెన్సీ ఎందుకు రాలేదు?

గత చలికాలం మా నాన్నగారిని ఢిల్లీ పిలిపించి ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చూపించాను. తెల్లవారుజామున 5 గంటలకు ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడితే పదకొండింటికి డాక్టరుగారి ముందు కూర్చున్నాం. మూడు నిమిషాల్లో చూడటం అయిపోయింది. తర్వాత మందుల కిటికీ దగ్గర ఇంకో గంట. కిటికీలోంచి నాలుగు రకాల బిళ్లల పట్టీలు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న మాట బయటికొచ్చాయి. వెనుక వందమంది ఉన్నారు. లోపల ఉన్నాయన మాత్రం ఏం చేస్తాడు?

పది రోజులకు నాన్నగారి పాదాలు వాచాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయన్నారు. కిడ్నీలేమోనని భయపడ్డాం. అసలు కారణం కనిపెట్టింది మా రూమ్మేట్. వరంగల్ వైపు కుర్రాడు. ఫార్మ్‌డి పూర్తి చేసి, ఓల్డ్ రాజేందర్ నగర్‌లో మాతో పాటే సివిల్స్‌కి చదువుతున్నాడు. నాన్నగారి మందుల సంచి మంచం మీద బోర్లించి, పట్టీల వెనుక చిన్న అక్షరాలు చదివి, "అన్నా, అంకుల్ ఊరి నుంచి తెచ్చుకున్న బీపీ బిళ్ల, ఇక్కడిచ్చిన బిళ్ల రెండూ ఆమ్లోడిపిన్. కంపెనీ పేర్లే వేరు. డబుల్ డోసు పడుతోంది" అన్నాడు. మర్నాడు డాక్టరుగారికి చూపిస్తే ఒకటి ఆపించారు. వాపు తగ్గింది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సరిగ్గా ఈ పని చేయడానికి ఆరేళ్లు చదివిన మనిషి ఆ కిటికీ దగ్గర లేడు. మా గదిలో నా పక్క మంచం మీద లక్ష్మీకాంత్ పుస్తకం చదువుకుంటున్నాడు. ఎందుకిలా జరిగింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతికే ప్రయత్నం. జనరల్ స్టడీస్ రెండో పేపర్లో ఆరోగ్య రంగం, మానవ వనరులు, నియంత్రణ సంస్థలు అన్న అంశాలన్నీ ఇందులో కలుస్తాయి. అందుకని కాస్త ఓపికగా చదవండి.

1. మందు చుట్టూ పుట్టిన చట్టం

మన తాతల కాలంలో ఫార్మసిస్ట్ అనే మాట లేదు. ఉన్నది కాంపౌండర్. డాక్టరు రాసిచ్చిన పాళ్లలో మిక్చర్ కలిపి, సీసాకు గీతల కాగితం అంటించి ఇచ్చేవాడు. అతని పనికి చట్టంలో నిర్వచనం లేదు. ఎవరైనా ఆ పని చేయవచ్చు.

మార్పుకు కారణమైంది రోగి భద్రత గురించిన చర్చ కాదు, నకిలీ మందుల గొడవ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మార్కెట్లో నాసిరకం, కల్తీ మందులు పెరిగాయన్న ఆందోళనతో 1930లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘాన్ని వేసింది. 1931లో నివేదిక వచ్చింది. అది రెండు విషయాలు చెప్పింది. ఒకటి, మందుల నాణ్యతకు చట్టం కావాలి. రెండు, మందులు ఇచ్చేవారి వృత్తికీ చట్టం కావాలి.

మొదటి సూచన 1940 డ్రగ్స్ యాక్ట్ అయింది. రెండోది చట్టం కావడానికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. 1948లో ఫార్మసీ చట్టం, 1949లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వచ్చాయి. ఆ కౌన్సిల్ కార్యాలయం ఢిల్లీలోనే ఉంది. ప్రిలిమ్స్ కోసం ఈ వరుసను గుర్తుంచుకోండి: 1930 సంఘం, 1931 నివేదిక, 1940 మందుల చట్టం, 1948 వృత్తి చట్టం.

మెయిన్స్ కోసం గుర్తుంచుకోవాల్సింది వేరు. రెండు చట్టాలకూ తల్లి ఒకటే: కల్తీ భయం. అందుకే మన చట్టంలో ఫార్మసిస్ట్ మొదటినుంచీ మందుకు కాపలాదారు. రోగికి తోడుగా ఉండే మనిషి కాదు. 1945 డ్రగ్స్ నిబంధనల్లో 65వ నిబంధన చదివితే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే మందు ఇవ్వాలి, రాసిన మందుకు బదులు ఇంకోటి ఇవ్వకూడదు, ఫలానా రికార్డు ఉంచాలి. అన్నీ అవసరమైనవే. కానీ "రోగి ఇంతకుముందు ఏం వాడుతున్నాడో అడగండి" అన్న ఆలోచన అప్పటి చట్టానికి ఇంకా రాలేదు.

2. డిగ్రీ ఫ్యాక్టరీకి వెళ్లింది, కిటికీ డిప్లొమాకు మిగిలింది

రెండో మలుపు చదువుది. మన దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి ఫార్మసీ చదువు 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహదేవ లాల్ ష్రాఫ్ చొరవతో మొదలైంది. 1937లో అక్కడే బి.ఫార్మసీ వచ్చింది. తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1951లో ఫార్మసీ విభాగం ఏర్పడింది. ఈ చదువుకు తొలి రోజులనుంచీ ఊపిరి రసాయనశాస్త్రమే. ష్రాఫ్ స్వయంగా రసాయనశాస్త్రం మనిషి. కొత్త దేశానికి సొంత మందుల పరిశ్రమ కావాలి, దానికి మనుషులు కావాలి.

ఆ లక్ష్యం నెరవేరింది కూడా. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ హైదరాబాద్‌లో పెట్టిన సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం, 1970 పేటెంట్ల చట్టం కలిసి హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్స్‌కు పెద్ద కేంద్రంగా మార్చాయి. బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ చదివినవాళ్లు ఉత్పత్తి, నాణ్యత పరీక్ష, మార్కెటింగ్, పరిశోధన వైపు వెళ్లారు. ప్రపంచానికి చవకగా మందులు అందించే దేశంగా మనకు పేరు తెచ్చింది వాళ్లే. దీన్ని తక్కువ చేయకూడదు.

కానీ దాని రెండో వైపు చూడండి. ఆసుపత్రి కిటికీ, ఊళ్లో మందుల షాపు డి.ఫార్మసీ వాళ్లకు మిగిలాయి. 1991 విద్యా నిబంధనల ప్రకారం ఆ డిప్లొమా రెండేళ్లు, ఆపైన కనీసం మూడు నెలల్లో 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. అందులో సగం, అంటే 250 గంటలు, ప్రిస్క్రిప్షన్ చూసి మందు ఇవ్వడంలో గడపాలి. రోగితో అందరికంటే చివరగా మాట్లాడే మనిషికి దేశం కేటాయించిన శిక్షణ అంతే. తప్పు ఆ మనిషిది కాదు. అతని నుంచి మనం అడిగిందే అంత.

3. బయట ఏం జరిగింది?

ఇదే కాలంలో అమెరికాలో ఫార్మసిస్ట్ వేరే దారిలో నడిచాడు. 1927లో మిచిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హార్వే విట్నీ అనే ఫార్మసిస్ట్, చదువు పూర్తయినవారికి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాడు. అక్కడి ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘం 1948లో ఆ శిక్షణకు ప్రమాణాలు రాసింది. 1962 నుంచి రెసిడెన్సీలను తనిఖీ చేసి గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ క్రమాన్ని గమనించండి. ముందు ఒక ఆసుపత్రిలో పని, తర్వాత ప్రమాణం, ఆ తర్వాత గుర్తింపు.

1960ల్లో ఇండియన్ హెల్త్ సర్వీస్, అంటే అమెరికా ఆదివాసీల కోసం నడిచే ప్రభుత్వ ఆరోగ్య సేవ, ఫార్మసిస్టును కిటికీ వెనుక నుంచి బయటికి తెచ్చి రోగితో విడిగా కూర్చోబెట్టి మాట్లాడించింది. డాక్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ అన్న ఇబ్బందే అందుకు కారణం. మన పరిస్థితికి చాలా దగ్గరి ఉదాహరణ ఇది. 1990లో చార్లెస్ హెప్లర్, లిండా స్ట్రాండ్ రాసిన వ్యాసం ఈ మార్పుకు సిద్ధాంతం ఇచ్చింది: మందు ఇవ్వడంతో ఫార్మసిస్ట్ బాధ్యత తీరదు, ఆ మందు వల్ల వచ్చే ఫలితం కూడా అతని బాధ్యతే.

ఇప్పుడు అక్కడ డిగ్రీ తర్వాత మొదటి ఏడాది సాధారణ రెసిడెన్సీ, కావాలనుకుంటే రెండో ఏడాది ఒక ప్రత్యేక రంగంలో రెసిడెన్సీ ఉంటాయి. ఆ రంగాల్లో ఒకటి ఆంబులేటరీ కేర్. మన భాషలో చెప్పాలంటే ఓపీ వైద్యం: మంచం మీద పడుకోకుండా నడిచి వచ్చి, చూపించుకుని, ఇంటికెళ్లే రోగి. 2009లో ఈ రంగాన్ని ప్రత్యేక నైపుణ్యంగా గుర్తించారు. ఆ తర్వాత ధ్రువపత్ర పరీక్ష కూడా పెట్టారు.

రెసిడెంట్ అక్కడ ఏం చేస్తాడు? రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడే రోగి వస్తే పరీక్ష ఫలితం చూసి, డాక్టర్లతో ముందే కుదిరిన ఒప్పందం మేరకు డోసు సర్దుతాడు. ఇన్సులిన్ పెన్ను ఎలా పట్టుకోవాలో, ఇన్‌హేలర్ పీల్చేటప్పుడు ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చేయించి చూస్తాడు. సంచిలో మందులన్నీ బయటికి తీయించి, రెండుసార్లు పడుతున్నదేదో, అవసరం లేనిదేదో చూస్తాడు. మా రూమ్మేట్ మంచం మీద చేసింది ఈ చివరి పనే.

4. ఢిల్లీలోనే ఉన్న పోలిక: డాక్టర్ల రెసిడెన్సీ

"అమెరికా వేరు, మనం వేరు" అనేస్తారని తెలుసు. అందుకే ఢిల్లీలోనే ఉన్న పోలిక చూద్దాం. ఇక్కడి ఆసుపత్రుల ఓపీల్లో మీకు కనిపించే జూనియర్ రెసిడెంట్, సీనియర్ రెసిడెంట్ అనే వ్యవస్థ ఎలా నిలబడింది? కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1992లో ఇచ్చిన రెసిడెన్సీ పథకం ఉత్తర్వు దానికి ఆధారం. వారానికి 48 గంటల డ్యూటీ, మామూలుగా ఏకధాటిగా 12 గంటలు మించకూడదన్న నియమం, జీతం, వారపు సెలవు అందులో ఉన్నాయి. ఆ గంటలు వాస్తవంలో ఎంత అమలవుతున్నాయన్నది వేరే చర్చ. రెసిడెంట్ డాక్టర్లు ఈ రోజుకీ ఆ ఉత్తర్వునే చూపించి తమ హక్కు అడుగుతున్నారు.

దీన్నిబట్టి రెసిడెన్సీ అంటే ఏమిటో అర్థమవుతుంది. అది కేవలం కోర్సు కాదు. దానికి నాలుగు కాళ్లుండాలి: ఆసుపత్రిలో ఒక పోస్టు, దానికి జీతం, పైన చూసే ఒక సీనియర్, రాసిన దానికి బాధ్యత వహించే సంతకం. ఇంటర్న్ నేర్చుకోవడానికి వస్తాడు. రెసిడెంట్ నేర్చుకుంటూనే ఆసుపత్రి పని మోస్తాడు. అతను రాకపోతే ఆ రోజు ఓపీ ఆగుతుంది. మీ సమాధానంలో ఈ తేడా ఒక్క వాక్యంలో రాయగలిగితే చాలు, విషయం పట్టుకున్నారని అర్థం.

5. 2008: ఒక 'లేదా' దగ్గర ఆగిపోయిన కథ

2008లో ఫార్మసీ కౌన్సిల్ ఫార్మ్‌డి నిబంధనలు తెచ్చింది. ఇంటర్మీడియట్ తర్వాత ఆరేళ్లు: ఐదేళ్లు చదువు, ఆరో ఏడాది ఆసుపత్రిలో. బి.ఫార్మసీ చేసినవాళ్లకు మూడేళ్ల దారి ఇంకోటి. శిక్షణకు కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలి. ఆరో ఏడాదిలో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగిలిన ఆరు నెలలు రెండేసి నెలల చొప్పున వేరే మూడు విభాగాల్లో గడపాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా కాలేజీలు ఈ కోర్సు తెరిచాయి. ఆరేళ్ల కోర్సు మొదటి బ్యాచ్ 2014లో బయటికొచ్చింది.

ఇప్పుడు ఆ నిబంధనల్లో ఆరో ఏడాదికి పెట్టిన పేరు చూడండి: "ఇంటర్న్‌షిప్ లేదా రెసిడెన్సీ". పరిపాలన చదివేవాళ్లు ఇలాంటి మాటల దగ్గర ఆగాలి. రెండు వేర్వేరు పనులను ఒక 'లేదా' కలిపేసింది. రెసిడెన్సీ అనే మాట నిబంధనల్లోకి వచ్చింది, దాని నాలుగు కాళ్లు రాలేదు. పోస్టు లేదు, జీతం లేదు. సీనియర్ ఫార్మసిస్ట్ స్థానంలో కాలేజీ అధ్యాపకుడున్నాడు. సంతకానికి విలువ లేదు. దాంతో ఆ ఏడాది ఇంటర్న్‌షిప్‌గానే మిగిలింది. అదీ డిగ్రీలో భాగమైన ఏడాది. డిగ్రీ తర్వాత వచ్చే రెసిడెన్సీ ఆ నిబంధనల్లో లేదు.

ఇంకో లోపం కూడా ఉంది. పడకల సంఖ్యతో అర్హత కొలిచిన నిబంధన సహజంగానే వార్డు వైపు చూస్తుంది. విద్యార్థి వార్డు రౌండ్లలో కేస్ షీట్లు చదువుతాడు. బీపీ, షుగర్, ఆస్తమా, మూర్ఛ రోగులు మాత్రం ఏళ్ల తరబడి నడిచొచ్చేది ఓపీకి. వార్డులో మందు నర్సు చేతిలో ఉంటుంది, తప్పు జరిగితే కనిపెట్టే కళ్లు నాలుగుంటాయి. ఇంటికెళ్లిన ఓపీ రోగి దగ్గర ఒక మందుల సంచి తప్ప ఏమీ ఉండదు.

6. ఢిల్లీ దగ్గర ఉన్న ముక్కలు

నిరాశపడాల్సిన పని లేదు. ఈ ప్రాంతంలోనే కావలసిన ముక్కలు చాలా ఉన్నాయి, అతికించేవారే లేరు.

మొదటిది, 1994లో ఢిల్లీ ప్రభుత్వం తెచ్చిన ఔషధ విధానం. డాక్టర్ రంజిత్ రాయ్ చౌధురి మార్గదర్శకత్వంలో అత్యవసర మందుల జాబితా, అన్ని ఆసుపత్రులకు కలిపి కొనుగోలు అనే పద్ధతి వచ్చాయి. దీన్నే ఢిల్లీ నమూనా అంటారు. మందు దొరకడం అనే సమస్యను అది చాలావరకు ఎదుర్కొంది. దొరికిన మందు సరిగ్గా వాడటం అన్నది తర్వాతి మెట్టు.

రెండోది, మందుల దుష్ఫలితాలపై నిఘా. 2010లో ఎయిమ్స్ కేంద్రంగా మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2011లో ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు మారింది. దేశమంతటి నుంచి దుష్ఫలితాల నివేదికలు అక్కడికి చేరతాయి. మా నాన్నగారి కాళ్ల వాపు లాంటిది ఎవరో ఒకరు గమనించి రాస్తేనే ఆ వ్యవస్థకు తెలుస్తుంది. ఓపీలో ఆ గమనించే మనిషి ఎవరు?

మూడోది, చదువు. జామియా హమ్దర్ద్‌లో ఫార్మసీ కాలేజీ, ఆసుపత్రి ఒకే ఆవరణలో ఉన్నాయి. ఫార్మసీకే ప్రత్యేకమైన విశ్వవిద్యాలయం ఢిల్లీ ప్రభుత్వానికి ఉంది.

నాలుగోది, చట్టం. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు మొదటిసారి రోగితో మాట్లాడటాన్ని ఫార్మసిస్ట్ విధుల్లో చేర్చాయి. మందు పేరు, ఎలా వాడాలి, ఏ ఇబ్బందులు రావచ్చు, ఒక డోసు మరిచిపోతే ఏం చేయాలి, ఎలా దాచాలి అన్నవి చెప్పాలని రాశాయి. 1931లో మందు దగ్గర మొదలైన చట్టం రోగి దాకా రావడానికి 84 ఏళ్లు పట్టింది.

7. అభ్యంతరాలు కూడా రాయాలి

ఒకవైపే రాస్తే అది వ్యాసం కాదు, వినతిపత్రం. ఎదుటి వాదనలు బలమైనవే. డాక్టర్ల, నర్సుల ఖాళీలే నిండని చోట కొత్త పోస్టులకు డబ్బెక్కడిది? రాసే అధికారం ఇద్దరికి ఇస్తే బాధ్యత ఎవరిది? కిటికీ దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న డి.ఫార్మసీ ఉద్యోగుల ముందు కొత్త 'డాక్టర్'ను నిలబెడితే వాళ్ల పదోన్నతి ఏమవుతుంది? ఈ మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. మీరు మరిచిపోకండి.

నా ఆలోచన ఇది. ఫార్మసిస్టుకు మందు రాసే అధికారం ఇప్పుడే అడగక్కర్లేదు. ముందుగా ఢిల్లీలోని కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో బీపీ, షుగర్, ఆస్తమా ఓపీల పక్కన ఒక గది, ఒక బల్ల, ఏడాదికి ఇద్దరు జీతమున్న ఫార్మసీ రెసిడెంట్లు. పని మూడే: రోగి మందులన్నీ ఒక కాగితం మీద సరిచూడటం, వాడే విధానం చేయించి చూడటం, అనుమానం వస్తే డాక్టరుకు రాతపూర్వకంగా తెలపడం. మార్చే అధికారం డాక్టరుదే. ఎన్ని తప్పులు పట్టుకున్నారో ఏడాది చివర లెక్క బయటపెట్టాలి. కిటికీ దగ్గర అనుభవమున్న డిప్లొమా ఉద్యోగులకు బ్రిడ్జి కోర్సు ద్వారా అదే గదికి దారి ఉండాలి. 1927 నుంచి నేర్చుకోవాల్సింది అదే: ముందు ఒక చోట పని కనపడాలి. నిబంధన తర్వాత రాసుకోవచ్చు. మనం 2008లో దీన్ని తలకిందులు చేశాం. ముందు డిగ్రీ పెట్టి, పని తర్వాత వెతుక్కోమన్నాం.

2017లో మొదలైన దేశవ్యాప్త రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బృందంగా వైద్యం చేయడం దాని మూలసూత్రాల్లో ఉంది. అంటే ఆలోచన మనకు కొత్త కాదు. ఆ బృందంలో మందుల మనిషికి ఒక కుర్చీ వేయడమే మిగిలింది.

సాధన ప్రశ్న

"భారతదేశంలో ఫార్మసీ వృత్తి నియంత్రణ మందు కేంద్రంగా పుట్టి రోగి కేంద్రంగా మారడంలో వెనుకబడింది. చర్చించండి." (250 పదాలు)

ఉపోద్ఘాతంలో చోప్రా సంఘం, మధ్యలో 1948, 1991, 2008, 2015 నాలుగు మెట్లు, ఒక పోలికగా 1992 రెసిడెన్సీ పథకం, అభ్యంతరాలు, ముగింపులో చిన్నగా మొదలయ్యే ఒక ప్రయోగం. ఈ వరుసలో రాసి చూడండి.

చివరిగా ఒక మాట. నాన్నగారు ఊరెళ్లేముందు మా రూమ్మేట్ ఆయన మందుల పేర్లన్నీ ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, ఏ పూటకు ఏదో గీతలు గీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టాడు. "ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఇది చూపించండి అంకుల్" అన్నాడు. ఆ కాగితం నాన్నగారి జేబులో ఇప్పటికీ ఉంది. మా రూమ్మేట్ ఈసారి ప్రిలిమ్స్ రాస్తున్నాడు. అతను గెలవాలని కోరుకుంటున్నాను. కానీ అతని తర్వాత వచ్చేవాళ్లు ఆ కాగితం రాసే ఉద్యోగంలో ఉండాలని, దానికోసం ఢిల్లీలో ఒక అద్దె మంచం వెతుక్కోకూడదని కూడా కోరుకుంటున్నాను. ఆ పోస్టుల ఫైలు రేపు మీలో ఎవరి బల్ల మీదికైనా రావచ్చు. అప్పుడు ఆ 'లేదా' దగ్గర ఒక్క క్షణం ఆగండి.